అద్దె పాఠాలు ఎన్నాళ్లు?

హార్వర్డ్, ఎంఐటీలు 2012లో లాభాపేక్ష లేని సంస్థగా మొదలుపెట్టిన ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను 2021లో టూయూ అనే వ్యాపార సంస్థ 80 కోట్ల డాలర్లకు కొనేసింది. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉన్నత విద్య చదివే విద్యార్థుల కోసం ఆ ఎడెక్స్‌తోనే ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది జులైలో టూయూ అమెరికా కోర్టులో దివాలా రక్షణ కోరింది. అప్పులు సర్దుకుని బయటపడింది, అది వేరే సంగతి. లక్షలాది మంది పిల్లల చదువును ఎక్కడో ఉన్న కంపెనీ జమాఖర్చులకు ముడిపెట్టడం ఏం తెలివి?

మంచి పాఠాలు కొనొద్దని కాదు. ఒప్పందం గడువు తీరి లాగిన్ ఆగిపోయాక కాలేజీకి మిగిలేదేమిటి? అలా కొన్న పాఠాల్లో ఒక ఉదాహరణ మార్చే హక్కు గానీ, తెలుగులో ఒక పేరా చేర్చే వీలు గానీ అధ్యాపకుడికి ఉండదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం తెస్తున్న ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలను ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, చాలావాటిని మార్చి వాడుకోవచ్చు కూడా. మన ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్ 2003 నుంచీ ఉంది. పాఠాలు ఉచితం, పరీక్షకే రుసుము. బోధన మాత్రం ప్రధానంగా ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి బీఎస్సీలో చేరిన అమ్మాయి థర్మోడైనమిక్స్ వీడియోను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినాల్సిందే.

ప్రజాధనంతో తయారయ్యే ప్రతి పాఠమూ ఎవరైనా మార్చి వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సుతోనే రావాలని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు షరతు పెట్టాలి. తెలుగులో వాటిని రాసే అధ్యాపకులకు పారితోషికంతో పాటు పదోన్నతిలోనూ గుర్తింపు దక్కేలా చూడాలి.