పానకానికి పరాయి పేరెందుకు?

ఈ నడుమ మా చందర్లపాడు ప్రాంతపు పెండ్లివిందులలోనూ ‘మాక్‌టెయిల్’ బల్ల వెలసింది. పానకంలో సోడా, పుదీనా, ఐసుముక్కలు వేసి ఆ పేరుతోనే అందిస్తున్నారు. మార్పుతో నాకు పేచీ లేదు, పేచీ పేరుతోనే. ‘మాక్’ అనగా నకిలీ. అంటే మద్యమే అసలు, పానకం దానికి అనుకరణ అన్నమాట!

బెల్లంతో చేసిన మద్యాన్ని మనుస్మృతి ‘గౌడి’ అన్నది. అదే బెల్లాన్ని నీట కరగించి మిరియాలు, ఏలకులు, శొంఠి చేర్చితే పానకం. రెండింటికీ మూలమొకటే, ఏదీ మరొకదానికి నకలు కాదు. మంగళగిరి నృసింహునికి నివేదించేదీ, శ్రీరామనవమి పందిళ్ళలో పంచేదీ ఈ పానకమే.

సోడా కలిపితే కలపండి, బెల్లం మాత్రం మానకండి. పిల్లల చేతికి పానకమని చెప్పే ఇవ్వండి. పేరు పోయిన రుచి నాలుకపై ఎన్నాళ్ళు నిలుస్తుంది?