మోదుగ ఒక్కటే, పేర్లు రెండు



గత సంచికలోని మోదుగ వ్యాసం బాగుంది. కానీ ‘బ్యూటియా ఫ్రాండోసా’, ‘బ్యూటియా మోనోస్పెర్మా’ వేర్వేరు చెట్లనడం సరికాదు. మొదట వృక్షశాస్త్రవేత్త లామార్క్ మోదుగ చెట్టును ‘ఎరిత్రినా మోనోస్పెర్మా’ అన్నాడు. కోరమాండల్ మొక్కలపై 1795లో వెలువడిన గ్రంథంలో రాక్స్‌బర్గ్ దీన్నే ‘బ్యూటియా ఫ్రాండోసా’గా బొమ్మతో చూపాడు. ప్రజాతి మారినా, జాతి పేరులో ముందు పెట్టిన రెండో పదమే చెల్లాలన్నది వృక్షశాస్త్ర నియమం. అందుకే 1894లో టౌబర్ట్ ‘బ్యూటియా మోనోస్పెర్మా’ను స్థిరపరిచాడు. ఆదిలాబాద్ అడవుల్లో ఏ మోదుగకాయ విప్పినా కొసన ఒకే గింజ కనిపిస్తుంది. ‘మోనోస్పెర్మా’ (ఒకే గింజ గలది) అన్న పేరుకు ఆధారం అదే.

మొక్కల నమూనాలు సేకరించే కరీంనగర్, ఆదిలాబాద్ విద్యార్థులు ఒకే చెట్టును రెండుగా రాసుకోకుండా, దయచేసి సవరణ ప్రచురించండి.

— ఒక పాఠకుడు, ఉట్నూరు