తాళము వేసిన పాట

కొల్లేటి లంకలలో చేపల చెరువుకు కాపలా కాయు యువకుడొకడు, ఏలూరులోని సెల్‌ఫోను దుకాణమునందు, వేలిగోరంత మెమరీకార్డును బల్లమీద నుంచి, ఘంటసాల పాటలు నింపుమని 20 రూపాయలు చెల్లించుటను పదియేండ్ల క్రిందట నేను చూచితిని. అతనిని దొంగ యనువారితో నేనేకీభవింపజాలను. ఏలయన, అతడు మూల్యము చెల్లించినాడు, ఆ మూల్యములో కవికి గాని గాయకునికి గాని కాసైనను చేరు దారిని మాత్రము వర్తకలోకము అతని వీధిలో ఏర్పరుపలేదు. ఇట్టి నకళ్ళ నాపుటకని, 2003లో అమెరికాలో ఐట్యూన్స్ అను ఇంటర్నెట్ దుకాణము పాటను 99 సెంట్లకమ్మి, అది తానొప్పుకొన్న యంత్రములందే పలుకునట్లు తాళము వేసినది; 2009లో ఆ తాళమును తానే తీసివేసినది. ధర్మముగా కొన్నవానిని బంధించుటయే గాని ఆ తాళము సాధించినదేమి? మెమరీకార్డు నింపుకొన్నవానికి అది కంటబడనైన లేదు. మన దేశమున 2012 నాటి కాపీరైటు చట్ట సవరణ, సినిమాహాలు వెలుపలి వినియోగములకు వచ్చు రాయల్టీలో గీతరచయితకును స్వరకర్తకును సమభాగమును స్థిరపరచి, ఆ చేతితోడనే, హక్కులకు భంగము కలిగింపగోరి తాళము పగులగొట్టువానికి 2 సంవత్సరముల వరకు చెఱను విధించినది. వీనిలో మొదటిదే నాకు పరమధర్మముగా తోచును. చేపను అమ్మినవాడు కొన్నవాని పొయ్యికి తాళము వేయడు. పాటను కొన్నవాడును దానిని పాత ఫోను నుండి క్రొత్తదానికి మార్చుకొనుటకు, ఇంట తల్లికి వినిపించుటకు స్వతంత్రుడు కావలెను. ఆ 20 రూపాయలలో కవి భాగము కవికి చేరు త్రోవ వేయుడు, తాళములతో పనియుండదు.