మూడో పాయింటు ఎక్కడ?

2022 మేలో బ్యాంకాక్‌లో థామస్ కప్ బ్యాడ్మింటన్ క్వార్టర్ ఫైనల్ స్కోరును ఒకసారి గుర్తు చేసుకుందాం. మలేసియా మీద భారత్ ఆడిన తొలి సింగిల్స్‌లో లక్ష్య సేన్ ఓడాడు. తర్వాత రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ గెలిచింది. కిడాంబి శ్రీకాంత్ గెలిచాడు. రెండో డబుల్స్‌లో గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ ఓడారు. చివరి సింగిల్స్‌లో ప్రణయ్ గట్టెక్కించాడు. 3–2. మర్నాడు సెమీఫైనల్లో డెన్మార్క్ ఎదురైతే మళ్లీ అదే వరస: ఓటమి, గెలుపు, గెలుపు, ఓటమి, గెలుపు. 1979 తర్వాత సెమీస్ ముఖమే చూడని జట్టు ఫైనల్‌కు చేరింది.

అంతకుముందు మన జట్టు కప్పు కొడుతుందని పందెం కాసినవాళ్లు ఎందరో నాకు తెలియదు గానీ, గట్టిగా లెక్కలోకి తీసుకున్నవాళ్లు తక్కువే. ర్యాంకులు చూస్తే అలాగే ఉండేది మరి. డెన్మార్క్‌తో అయిదో మ్యాచ్‌కు దిగినప్పుడు ప్రణయ్ ప్రపంచ ర్యాంకు 23, అవతలి ఆటగాడు గెమ్కెది 13. పైగా తొలి గేమ్‌లో ప్రణయ్ కాలు జారి పడి, చీలమండ నొప్పికి వైద్యం చేయించుకుని ఆడాడు. ఆ గేమ్ 13–21తో పోయింది. మిగతా రెండూ 21–9, 21–12. తొలి గేమ్ పోయిన క్షణాన కాగితం మీద ఏ లెక్క వేసినా డెన్మార్కే గెలవాలి.

ర్యాంకు అంటే ఏమిటి? ఏడాది పొడవునా ఆడిన టోర్నీల్లోంచి మెరుగైన పది ఫలితాల పాయింట్ల కుప్ప. మా బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉందా అంటే చిన్నపిల్లాడైనా ఉందనే చెబుతాడు. అక్కడ పెట్టాలన్న ఉక్కు ఫ్యాక్టరీ పేచీ అంతా ఆ రాయిలో ఇనుము శాతం ఎంత అన్న దగ్గరే ఆగింది. ర్యాంకు కూడా కుప్ప ఎంతో చెబుతుంది, శాతం చెప్పదు. డబుల్స్‌లో అయితే ఆ కుప్ప కూడా ఉండకపోవచ్చు. ఫైనల్లో సాత్విక్ జోడీకి ఎదురు నిలిచిన అహ్సాన్, కెవిన్ సుకముల్జో మామూలుగా కలిసి ఆడేవాళ్లు కాదు. కెవిన్ జోడీదారు గాయపడితే ఇండోనేసియా ఈ జతను కట్టింది. ఇద్దరూ డబుల్స్‌లో దిగ్గజాలే, కానీ జోడీగా వాళ్ల బలమెంతో ఏ పట్టికలో వెతకాలి?

ముఖాముఖి రికార్డు కొంత నయం. ఫైనల్ ముందు లక్ష్య క్వార్టర్స్‌లో, సెమీస్‌లో వరసగా ఓడి ఉన్నాడు. ఇండోనేసియా నంబర్ వన్ ఆంటోనీ గింటింగ్ మీద తొలి గేమ్ 8–21తో పోగానే మ్యాచ్ అయిపోయిందనుకున్నాం. కానీ అదే ఏడాది మార్చిలో జర్మన్ ఓపెన్‌లో లక్ష్య ఇదే గింటింగ్‌ను వరస గేముల్లో ఓడించాడు. ఇక్కడా తేరుకుని గెలిచాడు. నిన్నమొన్నటి ఫామ్ చూసినవాళ్లు పొరబడ్డారు, రెండు నెలల కిందటి మ్యాచ్ గుర్తున్నవాళ్లు ఆశ వదులుకోలేదు. తర్వాత సాత్విక్, చిరాగ్ నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలిచారు. శ్రీకాంత్ 21–15, 23–21తో జొనాథన్ క్రిస్టీని ఓడించాడు. ఆ టోర్నీలో ఆడిన ఆరు మ్యాచులూ శ్రీకాంత్ గెలిచాడు. పద్నాలుగుసార్లు కప్పు నెగ్గిన ఇండోనేసియా మీద 3–0. మే 15న ఇంటింటా సంబరం.

కాబట్టి అయిదు మ్యాచుల్లో మూడు గెలవాల్సిన జట్టు పోటీలో ఎవరు బలవంతులని అడిగితే సరైన జవాబు రాదు. మూడో పాయింటు, అంటే మూడో గెలుపు, ఎక్కణ్నుంచి వస్తుందని అడగాలి. ఒక ఊహ లెక్క వేద్దాం. మూడు మ్యాచుల్లో మనకు నూటికి 70 పాళ్లు గెలుపు అవకాశం, మిగతా రెండింట్లో 10 పాళ్లే అనుకుందాం. అయిదింట మూడు మనవే కదా అనిపిస్తుంది. లెక్క కట్టి చూస్తే జట్టు గెలిచే అవకాశం నూటికి 43 మాత్రమే. ఆ బలహీనమైన రెండింట్లో ఒక్కదాన్ని 10 నుంచి 40కి తెస్తే చాలు, అది 55కు ఎక్కుతుంది. బలమున్న చోటుకు ఏమీ కలపకుండానే.

మనది ముక్కాలిపీట జట్టు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఊగకుండా నిలబడుతుంది, ఒక్క కాలు విరిగితే మాత్రం కూర్చున్నవాడు కింద పడతాడు. బ్యాంకాక్‌లోనే గ్రూపు దశలో చైనీస్ తైపీ మీద శ్రీకాంత్, ప్రణయ్ గెలిచినా సాత్విక్ జోడీ ఓడింది. 2–3తో మ్యాచ్ పోయింది.

అమ్మాయిల జట్టుదీ ఇదే కథ. 2024 ఫిబ్రవరిలో షా ఆలంలో ఆసియా జట్ల టైటిల్ నెగ్గినప్పుడు థాయ్‌లాండ్‌తో ఫైనల్లో పి.వి. సింధు గెలిచింది, పుల్లెల గాయత్రి, ట్రీసా జాలీ గెలిచారు. రెండో సింగిల్స్, రెండో డబుల్స్ పోయాయి. 2–2 దగ్గర పదిహేడేళ్ల అన్మోల్ ఖర్బ్ కోర్టులోకి దిగింది. ప్రపంచ ర్యాంకు 472. ఎదుటి అమ్మాయిది 45. అన్మోల్ వరస గేముల్లో గెలిచింది. అందరూ ఆ 472 అంకెనే తలుచుకున్నారు, అందులో తప్పేం లేదు. నాకు మాత్రం అంతకు ముందురోజు జపాన్‌తో సెమీస్ ఎక్కువ గుర్తుంది. సింగిల్స్ ఆడి ఓడిన సింధునే మళ్లీ అశ్విని పొన్నప్ప పక్కన రెండో డబుల్స్‌కు నిలబెట్టాల్సి వచ్చింది. ఆ డబుల్స్ కూడా పోయింది.

గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీ మొదలైన దగ్గర్నుంచి మన దగ్గర సింగిల్స్ ఆటగాళ్లకు కరవు లేదు. డబుల్స్‌లో అమలాపురం కుర్రాడు సాత్విక్, ముంబయి చిరాగ్ ప్రపంచ నంబర్ వన్ దాకా ఎక్కారు. వాళ్ల వెనక నిలబడే రెండో జోడీ మాత్రం మారుతూ వచ్చింది. థామస్ కప్ గెలిచిన పదిమంది బృందంలో తెలుగువాళ్లు నలుగురైతే, అందులో ఇద్దరు ఆ రెండో జోడీయే. నాకౌట్ దశలో వాళ్లు ఆడిన రెండు మ్యాచులూ ఓడారు. ఆ కుర్రాళ్లను నిందించి లాభం లేదు. అంత పెద్ద వేదిక మీద అనుభవం అప్పటికి వాళ్లకు తక్కువ.

2024 మే 2న చెంగ్డూలో థామస్ కప్ కాపాడుకోవడానికి మన జట్టు చైనాతో క్వార్టర్స్ ఆడింది. ప్రణయ్ ఓడాడు, సాత్విక్ జోడీ మూడు గేములాడి ఓడింది. లక్ష్య ఒక్కడే లీ షిఫెంగ్‌ను పడగొట్టి ఆశ నిలిపాడు. తర్వాత రెండో డబుల్స్. 10–21, 10–21. అయిదో మ్యాచ్ దాకా ఆట పోనేలేదు.