చెక్కభజన వలయం

మన అనంతపురం పల్లెల్లో చెక్కభజన గజ్జెల చప్పుడు ఎరుగని పెద్దలు అరుదు. పొలం పనులు ముగిసిన రాత్రివేళ గుండ్రంగా నిలిచినవారిలో ఒకరు సేద్యగాడు, ఒకరు గొర్రెల కాపరి, ఒకరు కూలి, ఒకరు మగ్గం నేసేవాడు. గురువు అడుగు మార్చగానే అందరూ మార్చవలసిందే. పది ఎకరాలున్నవానికి అక్కడ వేరే అడుగు లేదు.

ఈ ఆటకు పెద్ద శత్రువు కరువు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ తప్పితే శనక్కాయ చేతికి రాదు, పడుచువాళ్ళు బెంగుళూరు బస్సెక్కుతారు. 2022లో జిల్లా రెండుగా చీలినా ఆ కరువు ఒకటే. అడుగులేమో గురువు కాళ్ళు చూసి నేర్వవలసినవి. నేర్చేవాడు ఊళ్ళో లేకుంటే అవి గురువుతోనే పోతాయి.

పాటలు రాములవారివి గదా, మనకెందుకని కొందరంటారు. క్రీస్తు కథను బుర్రకథగా చెప్పుకున్నవాళ్ళం మనం. పాట వేరైనా దరువు మన ఊరిదే. కొన్నిచోట్ల స్త్రీలూ చెక్కలు పడుతున్నారు. పండుగకు ఇల్లు చేరిన మీ పిల్లలను, ఆడపిల్లలను సైతం, నాలుగు రాత్రులు ఆ గురువు ఎదుట నిలబెట్టండి. ఆయన బ్రతికుండగానే సుమా!