ఆకు పసుపైతే యూరియా కాదు, ముందు వేరు చూద్దాం



మల్బరీ ఆకు పసుపు తిరిగి, అంచులు మాడి, కొమ్మ పొట్టిగా నిలిచిపోతే మనలో చాలామంది యూరియా మూట విప్పుతారు. ఇంకో మూట వేసినా తోట లేవదు. రోగం ఆకులో కాదు, వేరులో ఉండొచ్చు. ఒక మొక్కను తవ్వి చూడండి. సన్న వేళ్లకు పూసలు గుచ్చినట్టు బుడిపెలుంటే అది వేరుబుడిపె నులిపురుగు. కంటికి కనపడదు గానీ ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది, సుమారు నెలకే ఇంకో తరం తయారు. మన బళ్లారి సరిహద్దులో నల్లరేగడీ ఉంది, ఎర్ర నేలా ఉంది. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో నీటి తోటలున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మేం చెప్పేది ఒకటే. మందు కంటే ముందు అది వచ్చే దారి మూయాలి. నారు మొక్కల వేళ్లతో వస్తుంది, బాడుగ ట్రాక్టర్ గుంటకకు అంటిన మట్టితో వస్తుంది, పక్క తోట నుంచి పారే నీళ్లతో వస్తుంది. అందుకే మొక్కలు కొనేటప్పుడు నాలుగైదు పీకి వేళ్లు చూడనిదే డబ్బులివ్వొద్దు. చూపించనంటే ఆ నర్సరీ మనకొద్దు. సాళ్ల మధ్య టమాటా, వంకాయ, బెండ వేస్తే పురుగుకు మనమే మేత పెట్టినట్టు. వాటికి బదులు బంతి వేయండి.

గుళికలు చల్లితే పనైపోతుంది కదా అంటారు కొందరు. మనం సాకేది కూడా పురుగే. మందు వేరు ద్వారా ఆకుకెక్కితే వారాల పాటు ఆ ఆకు మేపడానికి లేదు. తొందరపడితే చంద్రికెకు ఎక్కాల్సిన పురుగు తట్టలోనే పోతుంది.

వేపపిండి మేలు. ఎకరాకు ఏడాదికి 800 కిలోలు, నాలుగు విడతలుగా వేయమంటారు. ఖర్చు ఎక్కువే, కాదనం. అంత పెట్టలేనివాళ్లు బుడిపెలు కనపడిన మడులకే ముందు వేయండి. మైసూరు కేంద్ర పట్టు పరిశోధన సంస్థవారి బయోనిమా కూడా ఉంది. వాడే పద్ధతి పట్టు శాఖ వాళ్లనడిగి తెలుసుకోండి.

తోట ఒకసారి నాటితే పదిహేనేళ్ల ఆస్తి. ఆకు పలచబడితే గూడు పలచబడుతుంది. హిందూపురం పోయినా రామనగర పోయినా అలాంటి గూటికి రేటు పలకదు. వేరు పాడైన తోట పీకేసి అదే నేలలో మళ్లీ నాటినా పురుగు అక్కడే కాచుకుని ఉంటుంది.

వచ్చే కటింగ్‌కు ముందే ప్రతి ఒక్కరం గట్టు పక్కన ఒక మొక్క, నడితోటలో ఒక మొక్క తవ్వి చూద్దాం. బుడిపెలుంటే ఫోటో గ్రూపులో పెట్టండి. దాచుకుంటే పక్కతోటకూ పాకుతుంది.