ట్రంకుపెట్టెలో తాతగారి మిలిటరీ వాచీ

పండగ దగ్గర పడుతోందంటే మనకు దులుపుళ్ళు, తోముళ్ళు మొదలు. అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. అందులో పాత పట్టుచీరల అడుగున, జాతకాల కట్ట పక్కన ఒక చేతిగడియారం కనిపించిందనుకోండి. బెల్టు చీకిపోయింది. అద్దం మసకబారింది. వెనక మూత మీద ఏవో అంకెలు, ఒక బాణం గుర్తు. "మీ మామగారి నాన్న మిలిటరీలో పనిచేశార్టమ్మా, ఆయనది" అంటారు పెద్దవాళ్ళు. మురికి కనబడితే మన చెయ్యి వూరుకోదు కదా! మూతని చింతపండు పెట్టి తోమేద్దామా, డయల్ మీది గోధుమరంగు పెచ్చుల్ని గోటితో గీకేద్దామా అనిపిస్తుంది. ఆ రెండు పనులూ చెయ్యకండి. ఎందుకో చెబుతాను.

అసలు చేతిగడియారం మొదట్లో మన నగే సుమా! 1868లో స్విట్జర్లాండులోని పాటెక్ ఫిలిప్ కంపెనీ, హంగరీ దేశపు ఒక ప్రభువుల ఇంటి ఆవిడ కోసం గాజులా తొడుక్కునే గడియారం తయారుచేసింది. మగవాళ్ళవి గొలుసు కట్టిన జేబుగడియారాలు. చేతికి కట్టుకుంటే ఆడంగితనం అనుకునేవాళ్ళు. ఆ బింకాన్ని 1914లో మొదలైన ప్రపంచయుద్ధం వదలగొట్టింది. కందకంలో తుపాకీ పట్టుకున్న మనిషి కోటు గుండీలు విప్పి జేబుగడియారం తీసి చూసుకోగలడా? ఫలానా నిమిషానికి మన ఫిరంగుల గురి ముందుకు జరుగుతుంది, సరిగ్గా ఆ నిమిషానికే పైకి లేవాలి అంటే, టైము మణికట్టు మీదే వుండాలి. అద్దం పగలకుండా దాని మీద జల్లెడలాంటి లోహపు మూత కూడా పెట్టుకునేవారు. రాత్రిపూట అగ్గిపుల్ల గీస్తే శత్రువుకు గురి దొరుకుతుంది. అందుకని అంకెలకూ ముళ్ళకూ చీకట్లో మెరిసే పూత పూశారు. దాంతోనే వచ్చింది చిక్కంతా.

ఆ పూతలో వున్నది రేడియం. దాని కిరణాలు తగిలి, అందులోనే కలిపిన జింక్ సల్ఫైడ్ పొడి మెరుస్తుంది. మరి ఆ పూత పూసిందెవరు? ఆడపిల్లలే! అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్నంలో 1917 నుంచి పెద్ద ఫ్యాక్టరీ నడిచింది. గీత సన్నగా రావాలంటే కుంచె కొసని పెదాల మధ్య పెట్టి మొన తీర్చాలి. అలా చెయ్యమని పనిలో చేరిన రోజునే నేర్పేవారు. పాపం, ఆ పిల్లలు సరదాకి గోళ్ళకీ పళ్ళకీ కూడా పూసుకునేవాళ్ళు. మన ఒళ్ళు రేడియాన్ని కాల్షియం అని భ్రమపడి ఎముకల్లో దాచుకుంటుంది. పళ్ళు వూడిపోయాయి, దవడ ఎముకలు కుళ్ళిపోయాయి. మోలీ మాగియా అనే అమ్మాయి 1922లో చనిపోతే, సుఖవ్యాధితో పోయిందని కాగితంలో రాశారు. చచ్చిపోయిన పిల్ల మీద ఆ నింద కూడానా! 1927లో సమాధి తవ్వి చూస్తే ఆమె ఎముకల్లో రేడియం వుంది. ఆ ఏడే గ్రేస్ ఫ్రయర్ అనే అమ్మాయీ, మరో నలుగురూ కోర్టుకెక్కారు. 1928లో రాజీ కుదిరింది. తలా పదివేల డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల పింఛను. ఆ పింఛను ఎక్కువ కాలం తినే రాత వాళ్ళకు లేదు.

ఇప్పుడు మన ట్రంకుపెట్టె వాచీ దగ్గరికి వద్దాం. "చీకట్లో మెరవడం లేదుగా, ఇంకేం భయం?" అంటారేమో. అరిగిపోయింది జింక్ సల్ఫైడ్ పొడి. రేడియం అలాగే వుంది. అది సగానికి తగ్గాలంటే 1600 ఏళ్ళు పట్టాలి! డయల్ మీద ముళ్ళు ఆగిపోయిన చోట మాడినట్టు గోధుమరంగు మచ్చ వుందంటే అది రేడియం పనే కావచ్చు. 1960ల తర్వాత సైన్యాలు ట్రిషియం అనే మెతక సరుకుకు మారాయి. ఇంగ్లీషు వాచీల్లో అయితే సున్నా చుట్టిన 'టి' అక్షరం దానికి గుర్తు. అది పన్నెండేళ్ళకోసారి సగమవుతూ పోతుంది.

అద్దం బాగుండి, మూత బిగుతుగా వుంటే, వాచీని చేత్తో తీసి చూసినంత మాత్రాన కొంప మునగదు. ప్రమాదమంతా ఆ పొడి నోట్లోకో ముక్కులోకో పోతేనే. కాబట్టి మూత ఇంట్లో తెరవకండి. పిల్లల చేతికివ్వకండి. రోజూ కట్టుకోవద్దు, దిండు కింద పెట్టుకోవద్దు. రిపేరుకిస్తే ఆ సంగతి ముందే చెప్పండి. మన వాచీ రిపేరర్లకు దుమ్ముని నోటితో వూదే అలవాటుంది మరి. అద్దం పగిలి వుంటే ప్లాస్టిక్ కవరులో పెట్టి మూసేసి, చెయ్యి సబ్బుతో కడుక్కోండి. ఇలాంటివి నాలుగైదు పోగయ్యాయా, గాలి ఆడని పడగ్గదిలో బీరువాలో దాచవద్దు. రేడియంలోంచి రేడాన్ అనే వాయువు వస్తూ వుంటుంది. 2018లో ఇంగ్లండులో నార్తాంప్టన్, కింగ్‌స్టన్ యూనివర్సిటీల వాళ్ళు 30 పాత వాచీలను పరీక్షించి, గాలి ఆడని గదిలో ఆ వాయువు వుండదగ్గ దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుందని చెప్పారు.

విచిత్రమేమిటంటే, ఇలాంటివి సేకరించేవాళ్ళు చెప్పేదీ ఇదే. డయల్ జోలికి వెళ్ళకండి అంటారు. వాళ్ళ కారణం వేరనుకోండి. 1945లో బ్రిటిష్ సైన్యం కోసం పన్నెండు కంపెనీలు ఒకే పద్ధతిలో వాచీలు చేశాయి. ఒమేగా, లాంజీన్స్, సైమా, టైమర్ వగైరా. వాటికి 'డర్టీ డజన్' అని ముద్దుపేరు. పన్నెండూ సంపాదించాలని ఏళ్ళ తరబడి వెతికేవాళ్ళున్నారు. ఆ పన్నెండింటిలో గ్రానా కంపెనీది దొరకడం మహా కష్టం. డయల్ కొత్తగా రంగు వేయించారంటే వాళ్ళ దృష్టిలో విలువ సగానికి పైగా పోయినట్టే. వెనక బాణం గుర్తు అరిగేలా పాలిష్ పెట్టించినా అంతే. మన బజార్లలో పాత మెషీనుకు తళతళలాడే కొత్త డయల్ వేసి, పెద్ద బాణం గీసి మిలిటరీ వాచీ అని అమ్మేవి చాలా వున్నాయి. మెరుపు చూసి మోసపోకండి.

మరి బాగుచేయించడమంటే ఏమిటి? లోపలి మెషీను విప్పి, గడ్డకట్టిన పాత నూనె కడిగి, కొత్త నూనె వెయ్యడం. అది అనుభవమున్నవాళ్ళ పని. అందాకా కీ తిప్పి చూడకండి, పొడి నూనెలో పళ్ళచక్రాలు అరిగిపోతాయి. బెల్టు కోసం దుకాణానికి వెళితే ఒక మాట గుర్తుంచుకోండి. మిలిటరీ వాచీల్లో చాలావాటికి బెల్టు కడ్డీలు వూడిరావు, కేసుకు అతికే వుంటాయి. మామూలు బెల్టు పట్టడం లేదని వాటిని కోసేస్తానంటారు. ఒప్పుకోకుండా, కడ్డీల కిందుగా దూర్చే ఒంటిపట్టా బెల్టు అడగండి. మనం ఇంట్లో చెయ్యగలిగింది ఒక్కటుంది. అద్దం ప్లాస్టిక్‌దై, ఎక్కడా పగుళ్ళు లేకపోతే, మెత్తటి బట్ట మీద బఠాణీగింజంత తెల్ల టూత్‌పేస్టు పెట్టి మెల్లగా రుద్దండి. గీతలు పోతాయి. తర్వాత తడిబట్టతో తుడవండి, నీళ్ళలో ముంచకండి.

ఇంకో సంగతి. ఆ బాణం గుర్తుకు బ్రిటిష్ సర్కారు సొత్తు అని అర్థం. కింది నంబరు వాచీదే కానీ, కట్టుకున్న సిపాయిది కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలోలాగా ఇంటికో సిపాయి వున్న వూళ్ళో అయినా సరే, నంబరు చూసి ఇది ఫలానా ఆయనదని ఎవరూ చెప్పలేరు. అది మీ అత్తగారికో, పెద్దత్తగారికో తెలిసి వుంటుంది. ఈ మధ్యాహ్నం కాఫీ ఇచ్చి అడగండి. ఆయన పేరు, ఏ రెజిమెంటు, ఏ ఏడు చేరారు, ఏ దేశం వెళ్ళారు, వాచీ ఎక్కడిది అని. కాగితం మీద రాసి, మడిచి, వాచీతోపాటు డబ్బాలో పెట్టండి. డబ్బా మీద "తెరవవద్దు, రేడియం" అని కూడా రాయండి.